పాత ఇంజన్ల ఛాయాచిత్రాలు

మా ఇంట్లో ఒక పాత ఫొటో ఉంది. అందులో ఒక ఆవిరి ఇంజను ముందు పదకొండుమంది నిలబడి ఉంటారు. కుడివైపు చివరన తలకు రుమాలు చుట్టుకొని, చేత బొగ్గు పార పట్టుకొన్నవారు మా పెదనాన్నగారు. ఆయన లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా పనిచేశారు. ఫొటో తీసినాయన మనుషులను చక్కగా వరుసలో నిలబెట్టాడు. కాని ఇంజను ముందు రాసి ఉండే సంఖ్య ఆ వరుస వెనుక దాగిపోయింది. ఫొటో వెనుకవైపున ఒక్క అక్షరమైనా రాసి లేదు. అది ఏ ఊరో, ఏ సంవత్సరమో, తక్కిన పదిమంది ఎవరో పెదనాన్నగారికి తెలుసు. ఆయన ఉన్నంతకాలం నేను అడగలేదు. అడగాలని తోచేనాటికి ఆయన లేరు.

ఇటువంటి ఫొటోలు మీలో కొందరి ఇళ్ళలోనైనా ఉండే ఉంటాయి. పొట్టకూటికోసం ఊళ్ళు దాటివెళ్ళిన తెలుగు కుటుంబాలలో చాలావాటికి రైల్వేయే అన్నం పెట్టింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో నేటికీ తెలుగు వినిపించడానికి కారణం అదే. యానాంలో రైలు స్టేషనే లేదు గనుక అక్కడి విద్యార్థులకు ఈ సంగతి కొంత దూరంగా తోచవచ్చు. అయినా రైలు చూడాలన్న సరదా లేని పిల్లలు ఎక్కడా ఉండరు. ఆ సరదా పెరిగి పెద్దదై, పాత ఇంజన్లను వెదుక్కొంటూ దేశాలు తిరిగి ఫొటోలు తీసేవారున్నారు. వారిని రైలు అభిమానులంటారు. వారు ఏం తీస్తారు, ఎలా తీస్తారు, ఆ ఫొటోల వల్ల ఏమి మిగిలింది అన్నవి ఈ పాఠంలో తెలుసుకొందాం.

ముందుగా లోకో షెడ్డు అంటే ఏమిటో తెలియాలి. ఈనాటి విద్యుత్ ఇంజను మీటలు కదిపితే కదులుతుంది. ఆవిరి ఇంజను అలా కాదు. చల్లారిన ఇంజనుకు నిప్పు పెట్టి, బాయిలరులోని నీరు మరిగి, చక్రాలను తిప్పగలిగినంత ఒత్తిడి రావడానికి కొన్ని గంటలు పట్టేది. తెల్లవారుజామున బయలుదేరే బండికి అర్ధరాత్రి నుంచే పని మొదలు. బొగ్గు నింపాలి. నీరు పట్టాలి. ప్రయాణం ముగించుకొని వచ్చిన ఇంజను కడుపులోని బూడిదను గుంటలోకి లాగివేయాలి. కీలుకీలుకూ నూనె వేయాలి. బాయిలరు గొట్టాలలో పేరుకొన్న మట్టిని కడగాలి. ఆవిరి ఇంజనుకు ముందు, వెనుక అనే తేడా ఉంది. కాబట్టి వచ్చిన ఇంజనును తిరిగి పంపాలంటే దాని ముఖాన్ని అటునుంచి ఇటు తిప్పాలి. అందుకోసం గుండ్రని గుంటలో తిరిగే వంతెనవంటి ఏర్పాటు ఉండేది. దానిని టర్న్‌టేబుల్ అంటారు. ఎన్నో టన్నుల బరువున్న ఇంజను దానిపై సరిగ్గా తూకంలో నిలబడితే, కొందరు మనుషులు భుజాలు ఆనించి తోసినా తిరిగేది. కొన్ని పెద్ద షెడ్లను ఈ టర్న్‌టేబుల్ చుట్టూ విసనకర్ర ఆకారంలో కట్టేవారు.

ఇన్ని పనులకు ఎంతమంది కావాలో ఊహించండి. ఇంజన్లు తుడిచేవాడుగా చేరినవాడు ఫైర్‌మన్ కావాలి, ఆ తరువాత డ్రైవరు కావాలి. ఫిట్టర్లు, బాయిలరు పనివారు, బొగ్గు మోసేవారు వేరు. రాత్రివేళ డ్యూటీ పడినవారి ఇళ్ళకు వెళ్ళి తలుపు తట్టి లేపడానికి కాల్ బాయ్ అనే ఉద్యోగి ఉండేవాడు. డీజిలు ఇంజన్లు వచ్చిన తరువాత ఈ పనులలో చాలా భాగం లేకుండా పోయాయి. ఇంజను ఒక్కటే పోలేదు. దాని చుట్టూ అల్లుకొన్న ఒక చిన్న ఊరే పోయింది. ఇంజనునైతే తెచ్చి ఏ పార్కులోనో నిలబెట్టవచ్చు. ఆ ఊరిని నిలబెట్టడం ఎలా?

ఇక ఫొటో తీయడం సంగతికి వద్దాం.

ఆవిరి ఇంజను ఫొటోకు చాలా మొండి వస్తువు. అది నల్లగా ఉంటుంది. దాని పొగ గొట్టం నుంచి వచ్చేది తెల్లగా ఉంటుంది. వెనుక ఆకాశం మరింత తెల్లగా ఉంటుంది. కెమేరాలోని కాంతిమాపకం తన ముందున్నది మరీ నలుపూ మరీ తెలుపూ కాదు, మధ్యరకపు బూడిదరంగు అనుకొని లెక్క కడుతుంది. నల్లని ఇంజను దృశ్యాన్ని నింపేస్తే, అక్కడ వెలుగు తక్కువగా ఉందని పొరబడి, ఎక్కువ కాంతిని లోనికి రానిస్తుంది. ఫలితంగా నల్లని ఇంజను వెలిసిన గొడుగు బట్టలా కనబడుతుంది. ఆవిరి, ఆకాశం రెండూ తెల్లని మచ్చలుగా కలిసిపోతాయి. ఈనాటి సెల్‌ఫోను కెమేరాలు దీనిని కొంతవరకు సరిదిద్దుతాయి గాని, మూల సమస్య అదే. కాబట్టి అనుభవజ్ఞులు కాంతిని కొంచెం తగ్గించి తీస్తారు.

సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు బాయిలరు నీడ చక్రాలమీద పడి, కిందిభాగమంతా చీకటి ముద్ద అవుతుంది. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు చక్రాల ఆకులు, వాటిని కలిపే ఉక్కు కడ్డీలు, మరమేకుల తలలు దేనికవి విడిగా కనబడతాయి. ఆ కడ్డీలు చక్రం కిందివైపునకు దిగిన క్షణంలో తీయాలని పట్టుబట్టేవారున్నారు. పైకి లేచినప్పుడు తీస్తే చక్రాల అందం దెబ్బతింటుందని వారి అభిప్రాయం. తెలియనివారికి ఇది చాదస్తంగా కనబడుతుంది. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూసినవారు మాత్రం కాదనలేరు.

ఆవిరి విషయంలో ఒక శాస్త్ర రహస్యం ఉంది. నిజానికి ఆవిరి కంటికి కనబడదు. ప్రెషర్ కుక్కరు కూత వేసినప్పుడు పరిశీలించండి. బరువుకు సరిగ్గా పైన కొద్దిమేర ఖాళీగా ఉన్నట్లుంటుంది. ఆ పైన తెల్లని మేఘం మొదలవుతుంది. ఖాళీగా తోచినదే అసలైన ఆవిరి. తెల్లగా కనబడేది ఆవిరి చల్లబడి మారిన సన్నని నీటి తుంపర. గాలి ఎంత చల్లగా ఉంటే ఆ తుంపర అంత దట్టంగా ఏర్పడి, అంతసేపు నిలుస్తుంది. అందుకే రైలు అభిమానులు చలికాలపు ఉదయాలను కోరుకొంటారు. మే నెల మధ్యాహ్నం అదే ఇంజను, అదే బరువు లాగుతూ వచ్చినా, పొగ గొట్టం పైన ఏమీ లేనట్లే ఉంటుంది.

నల్లని పొగ కథ వేరు. బొగ్గు సరిగ్గా కాలనప్పుడు నల్లని పొగ వస్తుంది. మంచి ఫైర్‌మన్ బొగ్గును పలుచగా, సమంగా చల్లి, పొగ గొట్టాన్ని వీలైనంత శుభ్రంగా ఉంచుతాడు. నల్లని పొగ అంటే గాలిలో కలిసిపోయిన బొగ్గు. పై అధికారి చూస్తే చీవాట్లు తప్పవు. ఇప్పుడు మాత్రం అభిమానులకోసం ప్రత్యేకంగా నడిపే బండ్లలో ఆ నల్లని పొగనే కావాలని అడిగి వేయించుకొంటారు. బండిని వెనక్కి తీసుకువెళ్ళి, ఫొటోలకోసం మళ్ళీ పొగలు కక్కిస్తూ ముందుకు తెస్తారు. ఫొటో బాగా వస్తుంది. మా పెదనాన్నగారి వంటివారు చూస్తే ఆ ఫైర్‌మన్‌కు పని రాదనుకొంటారు. ఫొటోలో అందం వేరు, పనిలో అందం వేరు అని ఇక్కడ తెలుస్తుంది.

ఈ రెండు అందాలనూ ఒకచోట చేర్చడానికి ఐదేళ్ళపాటు శ్రమించిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన పేరు ఓ. విన్‌స్టన్ లింక్. 1914లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ ప్రాంతంలో పుట్టారు. సివిల్ ఇంజనీరింగు చదివారు. కాని వ్యాపార సంస్థల ప్రకటనలకు ఫొటోలు తీయడాన్ని వృత్తిగా చేసుకొన్నారు. 1955 జనవరిలో ఎయిర్ కండిషనర్ల ప్రకటనకు ఫొటోలు తీసే పనిమీద వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్ అనే ఊరికి వెళ్ళారు. దాపునే ఉన్న వేన్స్‌బరో స్టేషనుకు ఆవిరి ఇంజన్ల బండ్లు వస్తాయని విని, ఒక సాయంత్రం చూడబోయారు. మరునాటి రాత్రి, జనవరి 21న, దీపాలతో సహా తిరిగివెళ్ళి మొదటి ఫొటో తీశారు.

ఆ మార్గం నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ అనే రైలు కంపెనీది. దాని ముఖ్యమైన రాబడి కొండ ప్రాంతపు గనులనుంచి బొగ్గును రేవుకు చేరవేయడంవల్ల వచ్చేది. బొగ్గు మోసే కంపెనీకి బొగ్గుతో నడిచే ఇంజన్లపై నమ్మకం ఉండడం సహజమే కదా! అమెరికాలోని ఇతర పెద్ద కంపెనీలన్నీ డీజిలు వైపు పోయిన తరువాత కూడా అది ఆవిరినే నమ్ముకొంది. రోనోక్ నగరంలోని తన కర్మాగారంలో ఇంజన్లను తానే తయారు చేసుకొనేది. వాటిలో 'జె' తరగతి ఇంజన్లు పేరుపొందినవి. 1941కీ 1950కీ నడుమ ఇవి పద్నాలుగు తయారయ్యాయి. గుండ్రని ముక్కుతో, నున్నని నల్లని ఒంటితో, పక్కన ఎర్రని పట్టీతో ఉండేవి. కాని 1955 నాటికి ఆ కంపెనీ కూడా డీజిలు ఇంజన్లు కొనసాగింది. ఆవిరికి రోజులు దగ్గరపడ్డాయని లింక్ గ్రహించారు. వెంటనే కంపెనీకి ఉత్తరం రాసి అనుమతి అడిగారు. కంపెనీ అధ్యక్షుడు అనుమతి ఇచ్చారు. ఖర్చు మాత్రం లింక్ సొంతానిదే.

పగలు తీయక రాత్రి తీయడమెందుకు? సూర్యుణ్ణి జరపలేం, పట్టాలనూ జరపలేం, సూర్యుడేమో ఎప్పుడూ ఉండకూడనిచోటే ఉంటాడు, కాబట్టి వెలుగును నేనే తయారు చేసుకొన్నాను అని ఆయన చెప్పేవారు. రాత్రివేళ అవసరంలేనిదంతా చీకటిలో దాగిపోతుంది. ఏది కనబడాలో దానిమీదనే దీపం వేయవచ్చు. నల్లని ఆకాశం ముందు ఆవిరి తెల్లగా వెలుగుతుంది.

చెప్పడం తేలికే. ఆ కాలపు ఫ్లాష్ బల్బు ఈనాటి ఫ్లాష్ వంటిది కాదు. గాజు బుడగలో సన్నని లోహపు తీగెనూ, ఆక్సిజన్‌నూ ఉంచేవారు. విద్యుత్తు తగలగానే ఆ తీగె భగ్గుమని ఒక్క క్షణం మండి కాలిపోయేది. ఒక బల్బు ఒక్క ఫొటోకే. పెద్ద ఇంజనును, దాని వెనుక వంతెననో వీధినో వెలిగించాలంటే పదులకొద్దీ బల్బులు కావాలి. లింక్, ఆయన సహాయకుడు పగటిపూటే వచ్చి, బల్బులను చెట్ల చాటున, స్తంభాల వెనుక అమర్చి, బారుల కొద్దీ తీగెలు లాగేవారు. ఆ బల్బులను మన పండుగలకు కట్టే సీరియల్ దీపాల దండలా వరుసగా కలిపేవారు. ఆ దండలో ఒక్కచోట తీగె తెగితే ఏదీ వెలగదు. కాబట్టి ముందుగానే అంతా పరీక్షించుకోవాలి. ఆపైన చీకటిలో కాచుకొని కూర్చోవాలి. బండి వేళకు వస్తుంది, వెళ్ళిపోతుంది. మీట నొక్కడానికి దొరికేది ఒకే ఒక్క క్షణం. ఆ క్షణంలో అన్ని బల్బులూ, కెమేరాల తలుపులూ ఒకేసారి పనిచేయాలి. ఇందుకు కావలసిన విద్యుత్ పరికరాన్ని లింక్ తానే తయారు చేసుకొన్నారు. ఆయన చదివిన ఇంజనీరింగు వృథా పోలేదన్నమాట.

1956 ఆగస్టు 2న ఆయన తీసిన ఒక ఫొటో ప్రపంచమంతటా తెలిసినది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఐగర్ అనే ఊరిలో, కార్లలో కూర్చుని సినిమా చూసే ఆరుబయలు సినిమాశాల అది. ముందు పైకప్పు లేని కారులో ఒక యువజంట. ఎదుట తెరపై ఆకాశంలో ఎగిరే విమానం. తెరకు పక్కగా, సినిమా చూస్తున్నవారెవరికీ పట్టనట్లు, తెల్లని ఆవిరి చిమ్ముతూ దూసుకుపోతున్న గూడ్సు బండి. దీనికి 43 బల్బులు వాడారు. అంత వెలుగులో తెరమీది బొమ్మ వెలిసిపోయింది. విమానం బొమ్మను విడిగా తీసి, తరువాత చీకటిగదిలో దీనిలో కలిపారు. కారులోని జంటను అక్కడ కూర్చోబెట్టినదీ ఆయనే.

ఇది మోసం కాదా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అతికించిన సంగతి తెలిసి చూస్తే మోసం లేదు. తెలియకుండా దానిని ఉన్నదున్నట్లుగా నమ్మితే పొరబాటే. బండి మాత్రం నిజం. ఆ రాత్రి అది తన వేళకు, తన పనిమీద పోతున్నది. నా మటుకు నాకు ఈ విమానం ఫొటోకంటె మరొకటి ఎక్కువ నచ్చుతుంది. అందులో రాత్రివేళ పిల్లలు వాగులో ఈత కొడుతూ ఉంటారు. పైన వంతెనమీద రైలు పోతూ ఉంటుంది. ఆ పిల్లలకు రైలు వింత కాదు. రోజూ వచ్చేదే. అదే ఆ ఫొటోలోని విశేషం.

లింక్ మరొక పని చేశారు. రోనోక్ దగ్గర షాఫర్స్ క్రాసింగ్ అనే పెద్ద యార్డు ఉంది. అక్కడి షెడ్డులోకి వెళ్ళి, ఇంజన్లు పరుగెత్తని వేళ ఏం జరుగుతుందో తీశారు. ప్రయాణం చేసి వచ్చిన 'జె' ఇంజనును కార్మికులు నీటి ధారలతో కడుగుతున్న ఫొటో ఒకటుంది. ఇంజను పక్కన మనిషి ఎంత చిన్నగా ఉంటాడో అందులో తెలుస్తుంది. అంత పెద్ద యంత్రాన్ని నిగనిగలాడేటట్లు ఉంచేది ఆ చిన్న మనిషే అనీ తెలుస్తుంది. ఫొటోలతోపాటు ఇంజన్ల చప్పుళ్ళను కూడా ఆయన రికార్డు చేసి, 1957 నుంచి గ్రామఫోను రికార్డులుగా విడుదల చేశారు.

1960లో ఆ కంపెనీ ఆవిరికి స్వస్తి చెప్పింది. అప్పటికి లింక్ తీసినవి దాదాపు 2,400 ఫొటోలు. ఇరవై ఏళ్ళకు పైగా వాటిని పట్టించుకొన్నవారు తక్కువ. 1980లలో ప్రదర్శనలు, పుస్తకం వచ్చాక గాని వాటి విలువ లోకానికి తెలియలేదు. పద్నాలుగు 'జె' ఇంజన్లలో పదమూడు పాత ఇనుముగా ముక్కలయ్యాయి. మిగిలింది 611 సంఖ్యగలది ఒక్కటే. అది మిగలడం కూడా చిత్రమే. 1956లో అది పట్టాలు తప్పి పడిపోయింది. దానిని బాగుచేసి నిలబెట్టడంతో తక్కిన వాటికంటె మంచి స్థితిలో ఉండి, ముక్కలు కాకుండా తప్పించుకొంది. ఇప్పుడు రోనోక్‌లోని మ్యూజియంలో ఉంది. 1982లోనూ, మళ్ళీ 2015లోనూ దానిని బాగుచేసి పట్టాలపై నడిపారు. లింక్ 2001లో మరణించారు. 2004లో రోనోక్ పాత రైలు స్టేషనులోనే ఆయన ఫొటోల మ్యూజియం తెరిచారు. ఇంజను ఎలా ఉండేదో 611 చెబుతుంది. దానితోపాటు ఎవరు బతికారో చెప్పవలసింది ఆ ఫొటోలే.

మన దేశంలో ఆవిరి ఇంకా చాలాకాలం నడిచింది. బ్రిటన్‌లో ప్రధాన మార్గాలపై ఆవిరి బండ్లు 1968 ఆగస్టుతో ముగిశాయి. తమ దేశాలలో ఆవిరి అంతరించిపోయిన అభిమానులు కెమేరాలు భుజాన వేసుకొని భారతదేశం రాసాగారు. మన షెడ్లలో బొగ్గు మసి పూసుకొని పనిచేసేవారికి అది వింతగా ఉండేది. ఈ మసి గొట్టాన్ని చూడడానికి అంత దూరంనుంచి రావడమేమిటని నవ్వుకొనేవారు. మనవారు ఎవరూ తీయని షెడ్ల ఫొటోలు కొన్ని ఇవాళ విదేశీయుల దగ్గర దొరకడానికి కారణం ఇదే.

చిత్తరంజన్ కర్మాగారంలో తొలి ఆవిరి ఇంజను 1950లో తయారయింది. పెద్ద పట్టాలకోసం 1970లో తయారైన చివరి దానికి 'అంతిమ్ సితారా' అని పేరు పెట్టారు. అంటే కడపటి నక్షత్రం. మొత్తం 2,351 ఆవిరి ఇంజన్లు అక్కడ తయారయ్యాయి. పెద్ద పట్టాలపై ఆవిరి ఇంజన్ల రోజువారీ ప్రయాణం 1995 డిసెంబరు 6న ముగిసింది. మీటరు గేజి మార్గాలలో మరికొన్నేళ్ళు సాగింది. నీలగిరి, డార్జిలింగు కొండ మార్గాలలో నేటికీ ఆవిరి ఇంజన్లు తిరుగుతున్నాయి. నీలగిరి బండికోసం తిరుచిరాపల్లిలోని గోల్డెన్ రాక్ కర్మాగారంలో కొత్త ఆవిరి ఇంజన్లనే తయారు చేశారు.

హర్యానాలో ఢిల్లీకి సుమారు 80 కిలోమీటర్ల దూరాన రేవాడీ అనే జంక్షను ఉంది. అక్కడి లోకో షెడ్డును 1893లో కట్టారు. ఆవిరి యుగం ముగిశాక మూతపడి శిథిలమవుతున్న ఆ షెడ్డును బాగుచేసి, 2002లో మళ్ళీ తెరిచారు. తరువాత దానిని మ్యూజియంగా తీర్చిదిద్దారు. అక్కడ ఇంజన్లను బొమ్మలుగా నిలబెట్టడమే కాదు, కొన్నింటికి నిప్పు పెట్టి నడుపుతారు కూడా. 1965లో చిత్తరంజన్‌లో తయారైన 'అక్బర్' ఇంజను అక్కడిదే. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన 'ఫెయిరీ క్వీన్' కూడా ఆ షెడ్డు సంరక్షణలో నడిచింది. 1909లో పని మానిన ఈ ముసలి ఇంజను చెన్నైలోని పెరంబూరు కర్మాగారంలో మళ్ళీ ప్రాణం పోసుకొని, 1997లో పట్టాలెక్కింది. తమిళనాడు విద్యార్థులు ఇది గుర్తుంచుకోదగిన సంగతి.

రేవాడీలో ఫొటోలు తీసేవారిలో చాలామంది నిగనిగలాడే ఇంజను ముందు నిలబడి తమ ఫొటో తీసుకొని వస్తారు. తప్పేమీ లేదు. కాని పాత ఇంజనులో అరిగిపోయిన భాగానికి బదులు మరొకటి బజారులో దొరకదు. అచ్చు చూసి, కొలిచి, కొత్తగా చేయించాలి. ఆ భాగమే పోయిన సందర్భాలలో పాత ఫొటోలే ఆధారం. పక్కనుంచి, దగ్గరనుంచి, సంఖ్యతో సహా స్పష్టంగా తీసిన మామూలు ఫొటో అప్పుడు గొప్ప కళాఖండంకంటె ఎక్కువ పనికివస్తుంది. ఇంజను శబ్దం వినే ఎక్కడ లోపముందో చెప్పగల పాత ఫిట్టర్లు ఏటేటా తగ్గిపోతున్నారు. వారి చేతులను, పనిముట్లను, నూనె డబ్బా పట్టుకొనే తీరును తీసినవారు తక్కువ.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. యార్డు ఆటస్థలం కాదు. అనుమతి లేకుండా పట్టాలమీదికి వెళ్ళడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం. విద్యుత్ మార్గాలలో పైనున్న తీగెలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. దానిని తాకనక్కరలేదు, మరీ దగ్గరగా పోయినా ప్రాణం పోతుంది. ఆగి ఉన్న పెట్టెల పైకెక్కి ఫొటో తీసుకోబోయి చనిపోయిన యువకుల వార్తలు మీరూ చదివే ఉంటారు. లింక్ అంతటివాడు కూడా మొదట చేసిన పని ఉత్తరం రాసి అనుమతి అడగడం. ప్లాట్‌ఫారం మీద గీతకు ఇవతల నిలబడి, లేదా మ్యూజియంలో, తీయదగినవి కావలసినన్ని ఉన్నాయి.

మా పెదనాన్నగారి ఫొటోను ఈమధ్య భూతద్దం పెట్టి మళ్ళీ చూశాను. మనుషుల తలలపైన ఇంజను ముక్కు కనబడుతున్నది. అది గుండ్రంగా ముందుకు పొడుచుకొని వచ్చింది. దానిమీద నక్షత్రం గుర్తు ఉంది. కాబట్టి అది డబ్ల్యు.పి. తరగతి ఇంజను. ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఆరు పెద్ద చక్రాలు, వెనుక మళ్ళీ రెండు చిన్నవి ఉండే ఈ తరగతి ఇంజన్లు మనదేశంలో 1947 నుంచి నడిచాయి. మెయిలు బండ్లలో ఎన్నింటినో ఇవే లాగేవి. అంటే ఫొటో అంతకుముందుది కాదు. నీడలు పొడుగ్గా ఉన్నాయి. ఉదయమో సాయంత్రమో అయి ఉండాలి. అందరి కళ్ళూ చికిలించి ఉన్నాయి గనుక ఎండ ఎదురుగా పడుతున్నది. ఎడమవైపు చివరన పదిహేను పదహారేళ్ళ కుర్రవాడు ఒకడు, చేతిలో పుస్తకంవంటిది పట్టుకొని, నిటారుగా నిలబడి ఉన్నాడు. డ్యూటీకి పిలిచి సంతకాలు తీసుకొనే కాల్ బాయ్ అయి ఉండవచ్చునని ఒక పాత డ్రైవరుగారు అన్నారు.

ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా, తెలిసినంతవరకు రాశాను. ఇంజను: డబ్ల్యు.పి. సంఖ్య: కనబడదు. కుడి చివర: మా పెదనాన్నగారి పేరు, ఫైర్‌మన్. ఎడమ చివర: కాల్ బాయ్ కావచ్చు. నడుమ తొమ్మిదిమందికి తొమ్మిది గీతలు గీసి, ఖాళీగా వదిలాను.